సముద్రం కంటె పల్లంలో పద్దెనిమిది నెలలు

మా మేనకోడలు పై చదువుకు విదేశం వెళుతున్నదని తెలిసిన రోజున, మా ఇంట్లో అందరికంటె ఎక్కువ ప్రశ్నలు వేసింది మా అమ్మ.

"ఏం చదువుతావే?"

"ఎన్విరాన్‌మెంటల్ సైన్సు, అమ్మమ్మా."

"అంటే?"

పిల్ల నా వంక చూసింది. తెలుగు మేష్టరిని కనుక మాట మార్చి చెప్పే పూచీ నాదన్నమాట. "పర్యావరణ శాస్త్రం" అన్నాను. అమ్మకి అది ఇంగ్లీషు ముక్క కంటె కష్టంగా తోచింది. "నీళ్ళూ, నేలా, గాలీ పాడుకాకుండా చూసుకునే చదువమ్మా" అని విడమరిచాను.

"దానికి అంత దూరం పోవాలా? ఏ ఊరట?"

"డెల్ఫ్టు. హాలెండు దేశంలో."

"అక్కడ సముద్రం ఉందా?"

పిల్ల ఉన్న నిజం చెప్పేసింది. "ఉంది అమ్మమ్మా. ఆ దేశంలో నాలుగో వంతు నేల సముద్రం కంటె పల్లంలోనే ఉంటుంది."

ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

మాది బందరు. అమ్మ పుట్టిల్లు మాత్రం దివిసీమలో, నాగాయలంక అవతల ఒక పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ పురిటికి వెళ్ళి అక్కడే ఉంది. నాలుగేళ్ళ మా అక్కని బందరులో నాయనమ్మ దగ్గర వదిలి వెళ్ళింది కనుక అక్క దక్కింది. ఆ ఉప్పెనలో సుమారు పదివేలమంది పోయారు. మా తాతగారు, అమ్మమ్మ, ఇద్దరు మామయ్యలు వారిలో ఉన్నారు. నేను ఆ తరువాత రెండేళ్ళకు పుట్టాను. నాకు ఊహ తెలిసినది మొదలు అమ్మ సముద్రం వైపు వెళ్ళగా చూడలేదు. కార్తిక పౌర్ణమికి వీధి వీధంతా మంగినపూడి స్నానానికి పోతే, ఆవిడ పెరట్లో నూతి దగ్గర పోసుకునేది. ఎందుకని మేము అడిగేవాళ్ళం కాదు. అడగకూడదని ఎవరూ చెప్పకుండానే మాకు తెలుసు.

అటువంటి ఇంటినుంచి 2016 అక్టోబరులో ఇరవై మూడేళ్ళ పిల్ల సముద్రం కంటె పల్లంగా ఉన్న దేశానికి బయలుదేరింది. ఈ వ్యాసం ఆ పిల్ల చదువును గురించి. మధ్యమధ్య మా అమ్మ ప్రసక్తి వస్తే పాఠకులు క్షమించాలి. ఆవిడ రాకుండా ఈ కథ నడవదు.

వలందుల దేశం

డచ్చివారు మనకు కొత్తవారు కారు. 1605లోనే వారి ఓడలు మా బందరు రేవుకు వచ్చాయి. పూర్వపు తెలుగువారు వారిని వలందులన్నారు. బందరులో వలందపాలెం అనే పేట ఈనాటికీ ఉంది. మన కలంకారీ అద్దకపు బట్టలు వారి ఓడల మీద పోయాయి. ఆ బట్టలు కొనుక్కుపోయిన కంపెనీకి స్వదేశంలో ఆరు శాఖలుండగా, అందులో ఒకటి డెల్ఫ్టు పట్టణంలోనే ఉండేది. ఈ సంగతి చెప్పి, "మన బట్ట పోయిన దారినే నువ్వూ పోతున్నావు" అని పిల్లను సాగనంపాను. తెలుగు మేష్టరు ఇవ్వగలిగిన దీవెన అంతే కదా!

డెల్ఫ్టులో ఆమె చేరిన విద్యాసంస్థ పేరు ఐ.హెచ్.ఇ. అది నీటి చదువులకోసమే వెలసిన బడి. 1953లో హాలెండును పెద్ద ఉప్పెన ముంచెత్తింది. దాన్ని డచ్చివారు ఎలా ఎదుర్కొన్నారో నేర్చుకోవాలని ఇతర దేశాలవారు కోరగా, 1957లో అక్కడ పాఠాలు మొదలయ్యాయి. మన ప్రకాశం బ్యారేజీ పూర్తయిన సంవత్సరం కూడా అదే. నాటినుంచి ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల ఇంజనీర్లు వేల సంఖ్యలో అక్కడ చదువుకున్నారు. మా పిల్ల చేరిన ఎం.ఎస్సీ. పద్దెనిమిది నెలల చదువు.

మొదటి నెల ఫోన్లన్నీ చలిని గురించీ, తిండిని గురించీ. పగలు భోజనమంటే రెండు రొట్టె ముక్కల మధ్య ఒక జున్నుముక్కట. పిల్లలైతే రొట్టెకు వెన్న రాసి, పైన చాక్లెట్ పలుకులు చల్లుకుని, అదే భోజనమంటారట. "మామయ్యా, ఈ దేశంలో ఎవరికీ మధ్యాహ్నం ఆకలి వెయ్యదు కాబోలు" అంది. వానలో, ఎదురుగాలిలో సైకిలు తొక్కడం ఆమెకు రెండవ పరీక్ష. ప్రొఫెసర్లను పేరు పెట్టి పిలవడం మూడవది. "సార్" అనకుండా నోరు తిరగడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. నాకు మాత్రం ఆ పద్ధతి ఇప్పటికీ మింగుడు పడదు.

తరగతిలో బంగ్లాదేశ్ వారు, ఇథియోపియా వారు, వియత్నాం వారు, కొలంబియా వారు ఉండేవారు. గంగ, మెకాంగ్, నైలు నదుల వాళ్ళందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని పాఠం వినేవారు. ఒకరోజు ప్రొఫెసరు పాఠం ఆపి ఒక్కొక్కరినీ ఒక ప్రశ్న వేశాడు. "మీ ఇంటి వెనుక మురుగు కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుంది? దాన్ని బాగుచేసే పూచీ ఎవరిది?"

మా పిల్ల బి.టెక్. సివిల్ ఫస్టు క్లాసులో ప్యాసయింది. రెండేళ్ళు ఉద్యోగం కూడా చేసింది. కృష్ణమీద ఆనకట్టలన్నిటి ఎత్తూ పొడవూ చెప్పగలదు. ఈ ప్రశ్నకు మాత్రం నీళ్ళు నమిలింది. ఆ రాత్రి నాకు ఫోను చేసింది. "మామయ్యా, మన పెరటి వెనుక కాలువ ఎందులో కలుస్తుంది?"

నలభై ఏళ్ళకు దగ్గరపడుతున్నాను, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగాను. నాకూ తెలియదు. ప్రబంధాలలోని ఏరులన్నీ తెలుసుగాని, పెరటి కాలువ సంగతి తెలియదు. ఆ మాట పైకి అనవలసివచ్చినప్పుడు నాకు సిగ్గు వేసింది.

"గుర్రపుడెక్క తీసే దినాలలో చూసేదాన్ని, తూర్పు డ్రైనులో కలుస్తుంది" అని వంటింట్లోంచి అమ్మ అంది.

పార గుచ్చి వెళ్ళిపోవడం

హాలెండు నేల మొదటినుంచీ సముద్రం కంటె పల్లంగా లేదు. ఇది వినగానే నేను ఆశ్చర్యపోయాను. డెల్ఫ్టు ప్రాంతంలో చాలా చోట్ల నేల పీటు. అంటే నాచూ రెల్లూ నీటిలో నాని, వేల సంవత్సరాలు పేరుకున్న నల్లని మెత్తటి నేల. ఏడెనిమిది వందల ఏళ్ళకు పూర్వమే రైతులు సేద్యం కోసం కాలువలు తవ్వి అందులోని నీరు తీసివేశారు. నీరు పోయిన పీటు ఎండి, గాలి తగిలి, కుంగిపోయింది. కుంగగానే మళ్ళీ నీరు నిలిచింది. గాలిమరలు పెట్టి ఆ నీరు తోడారు. తోడినకొద్దీ నేల ఇంకా కుంగింది. ఇప్పుడు కరెంటు పంపులు రాత్రింబగళ్ళు తోడుతున్నాయి. నేల ఇంకా కుంగుతూనే ఉంది. "మనం చిత్రాల్లో చూసే అందమైన గాలిమరలన్నీ ఒక పొరపాటును మొయ్యడానికి పుట్టినవే మామయ్యా" అంది మా పిల్ల.

ఇటువంటి నేలమీద ఒక్కడు ఒంటరిగా బతకలేడు. నా పొలం గట్టు తెగితే మునిగేది పక్కవాడి ఇల్లు. అందుచేత ఊళ్ళవారు కలిసి నీటి మండళ్ళు పెట్టుకున్నారు. డెల్ఫ్టు ప్రాంతపు మండలి చరిత్ర 1289 దాకా వెనక్కు పోతుంది. రాజులు మారారు, మతాలు మారాయి, యుద్ధాలు వచ్చాయి, మండళ్ళు మాత్రం నిలిచాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద 21 ఉన్నాయి. నాలుగేళ్ళకొకసారి వాటికి ఎన్నికలు జరుగుతాయి. వాటి పన్ను వేరే కట్టాలి. మా పిల్ల అద్దెకున్న ఇంటావిడ ఆ బిల్లు చూపించి, "ఇది ఎక్కువే, కాని ఇది కట్టకపోతే నా వంటగదిలో పడవ వేసుకోవాలి" అన్నదట.

పూర్వం వారికి ఒక కట్టుబాటు ఉండేది. కట్టలో ప్రతి రైతుకూ కొంత ముక్క పంచి ఇచ్చేవారు. ఆ ముక్కను అతడే మరమ్మతు చెయ్యాలి. చెయ్యలేని స్థితి వస్తే తన పారను ఆ కట్టమీద గుచ్చి వెళ్ళిపోవాలి. ఆ పారను పీకినవాడికి ఆ పొలమూ, ఆ పూచీ రెండూ సంక్రమిస్తాయి. పొలం నాది, పూచీ నీది అనడానికి వీలులేదు. ఈనాడు పార గుచ్చడం లేదుగాని, శరదృతువులో మండలివారు వచ్చి కాలువలు తనిఖీ చేస్తారు. ఆ లోపున గట్టు పక్కనున్నవారు తమ వంతు కాలువలో తుంగా నాచూ తీసివేయాలి, లేకపోతే జరిమానా. పిల్ల చేరింది అక్టోబరులో కనుక, మొదటి వారంలోనే పొలాల పక్క ఈ సందడి చూసింది.

మనకూ ఇటువంటిది లేకపోలేదు సుమా. చెరువు పూడికా, కాలువ మరమ్మతూ ఊరంతా కలిసి చేసుకునే కుడిమరామత్తు మన పెద్దలకు తెలుసు. 1997లో మన రాష్ట్రంలో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు కూడా పెట్టారు. నీటి తీరువా అన్న మాట మా జిల్లాలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. తెలియనిదల్లా ఇంటి వెనుక కాలువ ఎవరిదన్న సంగతే.

1835, మరి ఒకటి

1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రంలో తుపాను రేగింది. పున్నమి పోటు దానికి తోడయింది. తెల్లవారేలోగా హాలెండు నైరుతి మూలన కట్టలు తెగాయి. ఆ ఉప్పెనలో 1836 మంది చనిపోయారు. మా అమ్మ పుట్టిన సంవత్సరం అది.

2017 వేసవిలో తరగతి మొత్తాన్ని అక్కడికి తీసుకువెళ్ళారు. ముందు ఈస్టర్న్ షెల్ట్ అనే సముద్రపు పాయకు అడ్డంగా కట్టిన వారధి చూశారు. తొమ్మిది కిలోమీటర్ల పొడవు, 62 ఇనుప తలుపులు. దాని వెనుక ఒక తగాదా కథ ఉంది. ఉప్పెన తరువాత ప్రభుత్వం ఆ పాయను రాతికట్టతో పూర్తిగా మూసివేయాలనుకుంది. అలా మూస్తే పోటూపాటూ ఆగి, ఉప్పునీరు చచ్చి, ఆల్చిప్పలూ చేపలూ పోతాయని అక్కడి బెస్తవారు, ప్రకృతి ప్రేమికులు ఎదురుతిరిగారు. చివరకు 1976లో ప్రభుత్వం మనసు మార్చుకుంది. మామూలు రోజుల్లో తెరచి ఉంచి, తుపాను నాడు మాత్రం దించే తలుపులు పెట్టి, 1986లో పూర్తిచేసింది. ఖర్చు చాలా పెరిగింది, ఆల్చిప్పలు బతికాయి. అయినా పోటు బలం తగ్గి, లోపలి ఇసుక తిన్నెలు ఏటేటా కరిగిపోతున్నాయని ప్రొఫెసరు అక్కడే నిలబడి చెప్పాడట. తమ దేశం గొప్ప చూపించడానికి తీసుకువెళ్ళి, దాని లోపం కూడా చెప్పే ఉపాధ్యాయుణ్ణి తానింతకు పూర్వం చూడలేదన్నది మా పిల్ల. నేను ఉపాధ్యాయుణ్ణే కనుక ఆ మాట కొంచెం గుచ్చుకుంది.

తరువాత ఔవర్‌కెర్క్ అనే పల్లెకు వెళ్ళారు. ఆఖరి గండిని పూడ్చడానికి నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెలను అక్కడ నీటిలో ముంచారు. అవి 1953 నవంబరులో ముంచినవి అలాగే ఉన్నాయి. ఆ పెట్టెల లోపలే ఇప్పుడు ఉప్పెన మ్యూజియం ఉంది. లోపల చీకటి. పోయినవారి పేర్లు ఒక్కొక్కటే కనబడుతూ ఉంటాయి. దానికి పెట్టిన పేరు '1835+1'. ఆ ఒకటి ఎవరంటే, ఉప్పెన రాత్రే పుట్టి, ఏ రిజిస్టరులోకీ ఎక్కకుండానే మునిగిపోయిన పసిబిడ్డ.

ఆ సాయంత్రం పిల్ల ఫోను చేసినప్పుడు మేము భోజనాలు చేస్తున్నాము. సంగతి చెబుతుంటే అమ్మ వింటున్నదని నేను గమనించలేదు. మధ్యలో చెయ్యి చాచి ఫోను అడిగింది.

"ఆ బిడ్డకి పేరు లేదా?"

"లేదు అమ్మమ్మా."

"అయినా లెక్కపెట్టారా?"

"పెట్టారు."

అమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "మనవాడికీ బారసాల కాలేదే" అంది. "పన్నెండో రోజు. రామమందిరం మెట్లెక్కుతున్నాను. చేతుల్లోంచి జారిపోయాడు. తరువాత వచ్చి లెక్కలు రాసుకున్నవాళ్ళు పేరు చెప్పమన్నారు. పేరు లేదన్నాను. రాసుకోలేదు."

మాకు ఒక అన్న ఉండేవాడని లోగడ మా నాయనమ్మ నోట ఒకసారి వినడమే. అమ్మ నోట వినడం అదే మొదలు. అక్కకు నలభై నాలుగేళ్ళు, నాకు ముప్ఫై ఎనిమిది. ఇన్నేళ్ళు ఒక చూరు కింద ఉండి మేము అడగని మాట, ఆ పరాయి పల్లెలో పేరులేని బిడ్డ అడిగించింది.

బట్టలతో ఈత

ఆ తరువాత అమ్మ పిల్లను రోజూ ఒక ప్రశ్న అడిగేది. "నీకు ఈత వచ్చిందా?" హాలెండులో పిల్లలందరికీ ఈత నేర్పుతారు, పరీక్ష పెట్టి పత్రం ఇస్తారు. ఆ పరీక్షలో ఒంటిమీద బట్టలతో, కాళ్ళకు జోళ్ళతో ఈదాలి. కాలువలో పడేవాడు బట్టలు విప్పి పడడు కదా! మా పిల్ల ఆరేళ్ళ పిల్లల పక్కన నిలబడి ఈత నేర్చుకుంది. వచ్చిందని చెప్పిన రోజున అమ్మ నిశ్చింతగా నిద్రపోయింది.

డచ్చివారు కూడా ఇప్పుడు చదువు మార్చుకుంటున్నారని పిల్ల చెబుతుండేది. 1995లో నదులు పొంగి రెండున్నర లక్షలమందిని ఇళ్ళు ఖాళీ చేయించవలసివచ్చింది. కట్టలు ఎత్తు చేస్తూ పోవడం కంటె నదికి చోటివ్వడం మేలని అప్పుడు తోచింది. నైమెగన్ పట్టణం దగ్గర కట్టను 350 మీటర్లు వెనక్కు జరిపి, నదికి రెండవ పాయ తవ్వారు. దానికోసం సుమారు యాభై ఇళ్ళు పడగొట్టారు. ఇళ్ళు పోయినవాళ్ళు ఏడవలేదా అని అమ్మ అడిగింది. ఏడ్చారనీ, పోట్లాడారనీ, ఏళ్ళ తరబడి సభలు జరిగాయనీ పిల్ల చెప్పింది. డెల్ఫ్టుకు సైకిలుమీద పోగలిగినంత దూరంలో, 2011లో సముద్రతీరాన రెండు కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుక పోసి వదిలిపెట్టారు. గాలీ అలలూ దాన్ని కొంచెం కొంచెంగా తీరం పొడుగునా సర్దుతాయి. సముద్రాన్ని ఎదిరించేందుకు సముద్రాన్నే కూలికి పెట్టుకున్నారన్నమాట.

మన డెల్టా కథ వేరు. ఎగువ జలాశయాలలో ఒండ్రు నిలిచిపోతున్నది. కొత్త మన్ను రాక డెల్టా అంచు సముద్రంలోకి జారుతున్నది. ఉప్పునీరు నేలలోపలికి చొచ్చుకొస్తున్నది. అక్కడి కట్టలు తెచ్చి ఇక్కడ పెడితే సరిపోదు. ఈ సంగతి బోధపడ్డాకనే మా పిల్ల తన పరిశోధనకు దివిసీమ బావుల్లోని ఉప్పును ఎంచుకుంది.

గోడమీద గీత

ఆ పనిమీద 2017 నవంబరులో ఆరు వారాలు ఇంటికి వచ్చింది. ఒక చిన్న మీటరూ, సీసాలూ పట్టుకుని రోజూ నాగాయలంక వైపు పోయేది. నీళ్ళెక్కడ తియ్యగా ఉండేవో, ఎప్పటినుంచి చప్పబడ్డాయో, ఎప్పుడు ఉప్పగా మారాయో ఆడవాళ్ళను అడిగి రాసుకునేది. మీటరు ఈనాటి ఉప్పే చెబుతుంది, నలభై ఏళ్ళనాటి రుచి చెప్పవలసింది ఆ ఆడవాళ్ళే.

19వ తేదీ పొద్దున్నే అమ్మ చీర మార్చుకుని వాకిట్లో కూర్చుంది. "నేనూ వస్తాను" అంది. నేను ఏదో అనబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆ పల్లెలో పాత ఇళ్ళేవీ లేవు. రామమందిరం ఒక్కటే మిగిలింది, దానికీ కొత్త సున్నం. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, తూర్పు గోడ దగ్గర ఆగింది. చేతికర్ర ఎత్తి కిటికీ పైన ఒక చోట ఆనించింది. "ఇంతదాకా" అంది.

పిల్ల టేపు తీసి కొలిచింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక గాజుగొట్టం చూసిందట. 1953 ఉప్పెన నీరు ఎంత ఎత్తున వచ్చిందో, దారిన పోయే ప్రతివాడూ తలెత్తి చూసేటట్టు దాన్నిండా నీరు పోసి ఉంచారు. మాకు గాజుగొట్టం లేదు. ఊళ్ళో పెద్దల నడిగి, నీలం రంగు తెచ్చి ఆ గోడమీద ఒక గీత గీసి, కింద తేదీ రాశారు. అక్కడ చేరిన కుర్రవాళ్ళు నమ్మలేదు. "అంత ఎత్తా!" అని ఒకడు గోడ పక్కన నిలబడి చెయ్యి చాచాడు, అందలేదు. అమ్మ వాడి ఊరూ పేరూ అడిగి, వాడి తాత తనకు తెలుసునంది.

అక్కణ్ణుంచి సముద్రం మూడు మైళ్ళు. అమ్మ వెళదామని అనలేదు, మేమూ అనలేదు.

2018 ఏప్రిల్‌లో పిల్ల చదువు ముగించి వచ్చింది. డెల్టా నీటిమీదే పనిచేస్తున్నది. ఆమె కొలతలు ఎంతమంది చదువుతారో నాకు తెలియదుగాని, మా వీధిలో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఏటా మొదటి వానలకు ముందు పెరటి కాలువలో మా ఇంటి వెంబడి ఉన్నంతమేర గుర్రపుడెక్క తీయించడం నా వంతు. మొదటి ఏడాది నేనొక్కణ్ణే తీయించాను. ఇప్పుడు మొత్తం ఆరిళ్ళవాళ్ళం. తూర్పు డ్రైనులో కలిసేదాకా ఇంకా పదకొండిళ్ళు ఉన్నాయి. అమ్మ గట్టుమీద పీట వేసుకుని కూర్చుని, ఎవరి వంతు ఎక్కడిదాకానో చెబుతుంది. మొన్న ఒకాయన తన వంతు తరువాత చూద్దామంటే, "అయితే నీ పార తెచ్చి ఇక్కడ గుచ్చి వెళ్ళు నాయనా" అంది.

ఆయనకు అర్థం కాలేదు. నేనే ఈ కథంతా చెప్పవలసివచ్చింది. మరునాడు మనిషిని పంపాడు.